జేసీ రోడ్డులో డ్యాష్‌క్యామ్ బిగింపు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

గత ఏడాది ఒక ఆదివారం ఉదయం, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి పక్క సందులో నిలిపిన కారు దగ్గరికి వెళ్లేసరికి, ఎడమవైపు ముందు తలుపు అద్దం పగిలి సీటు నిండా సగ్గుబియ్యం పోసినట్టు గాజు ముక్కలు పడి ఉన్నాయి. వెనక సీటు మీద మా అమ్మాయి స్వెట్టర్ అలాగే ఉంది, తలుపు జేబులో గొడుగు అలాగే ఉంది, చిల్లర కోసం గేరు పక్కన ఉంచిన పది రూపాయల నాణేలు కూడా కదలలేదు. గ్లోవ్ బాక్స్ ఒక్కటే తెరిచి ఉంది. అందులో ముందు రాత్రి విప్పి దాచిన డ్యాష్‌క్యామ్, అంటే కారు ముందున్న దారిని రికార్డు చేసే చిన్న కెమెరా, మాత్రం లేదు. కెమెరాను అద్దానికి వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో రోజూ రాత్రి విప్పి లోపల పెట్టేవాణ్ని. మరి అది గ్లోవ్ బాక్స్‌లో ఉందని బయటివాడికి ఎలా తెలిసిందన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు.

జవాబు కారు అద్దం మీదే ఉంది. సక్షన్ కప్పు అంటించిన చోట టీ గ్లాసు అడుగంత గుండ్రటి ముద్ర మిగిలింది. వీధి దీపం ఏటవాలుగా పడినప్పుడు, తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు ఆ ముద్ర దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. దానికి తోడు కెమెరా వైరు డ్యాష్‌బోర్డు మీదుగా వేలాడుతూ ఛార్జింగ్ సాకెట్ దాకా వచ్చి ఉండేది, దాన్ని నేను ఏనాడూ తీయలేదు. ముద్ర, వైరు రెండూ కనిపిస్తుంటే, వస్తువు మాత్రం కనిపించకపోతే, అది ఎక్కడ ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. నేను కెమెరాను దాచాను గానీ కెమెరా ఉందన్న సంగతిని దాచలేకపోయాను. అంతకన్నా బాధ కలిగించింది ఏమిటంటే, అప్పటివరకు తీసిన వీడియోలన్నీ కెమెరా లోపలి కార్డులోనే ఉండటంతో, వస్తువుతో పాటు అవీ పోయాయి.

ఆ అనుభవం తర్వాత వయోఫో సంస్థ వారి ఏ119 మినీ 2 అనే చిన్న కెమెరాను ఆన్‌లైన్‌లో కొని, జేసీ రోడ్డులో ఒక కారు ఆక్సెసరీల దుకాణంలో, ఒక్క అంగుళం వైరు కూడా పైకి కనిపించకుండా బిగించమని అడిగి మరీ బిగించుకున్నాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. అదే సందు, అదే చోటు, కారు రాత్రుళ్లు అక్కడే ఉంటోంది. ఈ సమీక్షలో కెమెరా గురించి కొంత, దాన్ని బిగించిన పని గురించి ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే కెమెరా ఎంత మంచిదైనా దాన్ని దొంగ కంట పడనీయనిది ఆ బిగింపే. దుకాణం పేరు రాయడం లేదు. నాకు పని చేసిపెట్టిన కుర్రాడు ఇప్పటికే ఆ వీధిలోనే మరో దుకాణానికి మారాడు, అందువల్ల పేరు చూసి వెళ్లినవారికి అదే పనితనం దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను.

దొంగల బాధ ఇంత ఉన్నప్పుడు కెమెరా లేకుండా నడుపుకోవచ్చు కదా అని మా బావగారు అన్నారు. బెంగళూరులో రాత్రిపూట కుటుంబంతో ప్రయాణం చేసేవారు ఆ మాట ఒప్పుకోరు. 2023 జనవరి చివరలో సర్జాపూర్ రోడ్డు ప్రాంతంలో, తెల్లవారకముందే ఇంటికి వెళుతున్న ఒక జంట కారును ఇద్దరు ద్విచక్రవాహనం మీద వచ్చి కావాలనే ఢీకొట్టి, కొన్ని కిలోమీటర్ల దూరం వెంటపడ్డారు. ఆ దృశ్యం కారులోని కెమెరాలో నమోదు కావడం, తర్వాత నిందితులను పోలీసులు అరెస్టు చేయడం ఇక్కడివారందరికీ గుర్తున్న విషయమే. నాకైతే నెలకు రెండుసార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం వెళ్లి రావలసిన అవసరం ఉంది. తప్పు ఎవరిదన్న వాదన రోడ్డు మీద గొంతు పెద్దగా ఉన్నవాడి పక్షానే తేలకూడదంటే, జరిగింది చూపించే సాధనం ఒకటి కారులో ఉండాలి.

జేసీ రోడ్డుకు ముందు ఇంటికి దగ్గరలో ఒకచోట ప్రయత్నించాను. అక్కడి మెకానిక్ స్టీరింగ్ కింద చేయి పెట్టి, తాళం చెవి తిప్పితే కరెంటు వచ్చే ఒక వైరును పైతోలు ఒలిచి, దానికి కెమెరా వైరును మెలిపెట్టి, నల్ల టేపు చుడతానన్నాడు. పది నిమిషాల పని అన్నాడు. కంపెనీ వేసిన వైరును ఒలిస్తే తర్వాత ఏ విద్యుత్ లోపం వచ్చినా వారంటీ విషయంలో డీలరు ఆ అతుకునే వేలెత్తి చూపిస్తాడు. పైగా ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతే లోపల ఏం జరుగుతుందో చెప్పనవసరం లేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

జేసీ రోడ్డు సంగతి బెంగళూరు వాహనదారులకు కొత్త కాదు. రవీంద్ర కళాక్షేత్రం ఉన్న ఆ దారి పొడవునా సీటు కవర్లు, మ్యాట్లు, స్పీకర్లు, దీపాలు అమ్మే దుకాణాలు ఆనుకుని ఉంటాయి. కారు ఆపగానే ముగ్గురు నలుగురు చుట్టుముట్టి ఏం కావాలని అడుగుతారు. నేను నాలుగు దుకాణాల్లో ఒకే ప్రశ్న అడిగాను: కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటారు? ముగ్గురు ఛార్జింగ్ సాకెట్ వెనక నుంచి అన్నారు. నాలుగో చోట ఉన్న కుర్రాడు జవాబు చెప్పకుండా ముందు కారు ఏ సంవత్సరానిది, ఎన్ని ఎయిర్‌బ్యాగులు అని అడిగాడు. ఆరు అని చెప్పాను. "అట్లయితే పిల్లర్ కాడ వైరు ఊరికే దూర్చేది కాదు సార్, ట్రిమ్ తీయాల. రెండు గంటలు పడుతుంది" అన్నాడు. మాటను బట్టి ఎక్కడివాడివని అడిగితే బాగేపల్లి అన్నాడు. పనివాడు తెలుగువాడు కావడం కన్నా, అతను ముందుగా ఎయిర్‌బ్యాగుల గురించి అడగడమే నాకు ధైర్యం ఇచ్చింది.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. ముందు అద్దానికి రెండు పక్కలా పైకప్పు దాకా వెళ్లే నిలువు స్తంభాలను పిల్లర్లు అంటారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఆ పిల్లర్ ప్లాస్టిక్ తొడుగు (ట్రిమ్) వెనక మడిచి పెట్టిన ఎయిర్‌బ్యాగు ఉంటుంది, అది ప్రమాద సమయంలో తొడుగును తోసుకుంటూ ఒక్కసారిగా బయటికి వస్తుంది. కెమెరా వైరును తొడుగు అంచులో గోరుతో నొక్కి దూర్చేస్తే, అది ఎయిర్‌బ్యాగుకు అడ్డంగా పడే ప్రమాదం ఉంది. సరైన పద్ధతిలో తొడుగును విప్పి, వైరును ఎయిర్‌బ్యాగు వెనక భాగం నుంచి పోనిచ్చి, అక్కడ కంపెనీ వేసిన వైర్ల కట్టకే కట్టాలి. ఆ కుర్రాడు ప్లాస్టిక్ పట్టీ లాంటి పనిముట్టుతో తొడుగును పైనుంచి మెల్లగా వదులు చేసి, క్లిప్పులు విరగకుండా తీసి, లోపల ఎయిర్‌బ్యాగు ఎక్కడుందో నాకు టార్చి వేసి చూపించాడు. తర్వాత ప్లాస్టిక్ టేపు కాకుండా గుడ్డ టేపు తీసుకుని, జానెడు దూరానికి ఒక చుట్టు చొప్పున వైరును కట్టుకుంటూ కిందికి తెచ్చాడు. గుడ్డ టేపు వేడికి జారదు, గతుకుల్లో టకటకమని చప్పుడు కూడా చేయనివ్వదు.

కెమెరాను ఎక్కడ అంటించాలన్న దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. ముందు అద్దం పైభాగంలో నల్ల చుక్కల పట్టీ ఉంటుంది. దూరం నుంచి చూస్తే కెమెరా అందులో కలిసిపోతుందని అక్కడే అంటించమన్నాను. ఆ చుక్కల వల్ల ఉపరితలం నున్నగా ఉండదని, టేపు పట్టు సరిగా రాదని, ఒక వేసవి గడిచేసరికి ఊడి పడుతుందని అతను వద్దన్నాడు. మధ్య అద్దం, అంటే డ్రైవరు వెనక వాహనాలను చూసుకునే అద్దం, వెనక సరిగ్గా నడుమ ఫాస్టాగ్ అంటించి ఉంది. దానికి ఆనించి పెడితే టోల్ గేటు దగ్గర చదవడం కష్టమవుతుందేమోనని నాలుగు వేళ్ల ఎడం ఉంచాడు. చివరికి మధ్య అద్దానికి ఎడమవైపు, అంటే డ్రైవరుకు అద్దం చాటున పడే చోట, నల్ల చుక్కలు అయిపోయిన వెంటనే కింద, వైపర్ తుడిచే పరిధి లోపల చోటు తేలింది. వైపర్ పరిధి దాటితే వానలో బొమ్మ అంతా నీటి చారలే కనిపిస్తుంది. అంటించే ముందు అద్దాన్ని స్పిరిటుతో తుడిచి, కారును ఎండలోకి తెచ్చి కాసేపు అద్దాన్ని వెచ్చబడనిచ్చి, ఆ తర్వాత టేపు నొక్కి అర నిమిషం పట్టుకున్నాడు. అక్కడి నుంచి వైరు రెండు వేళ్ల దూరంలో పైకప్పు లైనింగులోకి దూరిపోయింది. బయటికి కనిపించే వైరు అంతకు మించి లేదు, అది కూడా నల్ల చుక్కల వెనక ఉంది.

కరెంటు కోసం, ఫ్యూజ్ పెట్టె నుంచి నేరుగా కెమెరాకు కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్ వాడాం. దాని నుంచి మూడు వైర్లు వస్తాయి: ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కు, ఒకటి తాళం తిప్పితే మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కు, మూడోది కారు బాడీ ఇనుముకు ఎర్త్‌గా. అతను మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్క ఫ్యూజ్‌ను పరీక్షించి, ఎయిర్‌బ్యాగులకు, బ్రేకులకు, ఇంజిన్ కంప్యూటరుకు సంబంధించినవాటి జోలికి పోకుండా రెండు ఎంచుకుని, వైరు ఒలవకుండా ఫ్యూజ్ చోటి నుంచే కరెంటు తీసుకునే ఫ్యూజ్ ట్యాపులు వేశాడు. కంపెనీ వైరు ఒక్కటి కూడా తెగలేదు. రేపు కెమెరా వద్దనుకుంటే ట్యాపులు పీకేసి పాత ఫ్యూజ్‌లు పెట్టేస్తే సరిపోతుంది. ఛార్జింగ్ సాకెట్ ఖాళీగా మిగిలింది. ఇది సౌకర్యం మాత్రమే కాదు, రాత్రి నీలం వెలుగు చిమ్మే ఛార్జర్ ముక్క లేకపోవడం కూడా దొంగకు ఒక సూచన తగ్గించడమే.

పని అయ్యాక అతను నన్ను కారు ముందు పది అడుగుల దూరంలో నిలబెట్టి, "వైరు కనపడితే కెమెరా కనపడినట్టే సార్, మీరే చూసి చెప్పండి" అన్నాడు. నాకు మధ్య అద్దం వెనక భాగం, దాని పక్కన నల్లటి నీడ లాంటిది మాత్రమే కనిపించాయి. దగ్గరికి వచ్చి అద్దానికి ముఖం ఆనించి చూస్తే తప్పకుండా కనిపిస్తుంది, పూర్తిగా మాయం చేయడం ఎవరి వల్లా కాదు. కానీ సందులో నడుస్తూ వరుసగా కార్లలోకి తొంగి చూసేవాడు ఒక్కో కారు దగ్గర ఆగేది రెండు మూడు క్షణాలే. ఆ రెండు మూడు క్షణాల్లో కంట పడకపోతే చాలు. పక్కతలుపు అద్దం నుంచి చూసినా డ్యాష్‌బోర్డు మీద ఏమీ ఉండదు. పాత సక్షన్ కప్పు ముద్రను కూడా ఆ కుర్రాడే స్పిరిటుతో తుడిచేశాడు, నేను అడగలేదు.

ఇక కెమెరా విషయానికి వస్తే, ఈ మోడల్‌ను ఎంచుకోవడానికి మొదటి కారణం దాని ఆకారం. వెనక ఉన్న తెర ఒకటిన్నర అంగుళమే, మొత్తం వస్తువు అద్దానికి అతుక్కున్నట్టు ఏటవాలుగా, పూర్తి నలుపు రంగులో ఉంటుంది. అంచులకు మెరిసే వెండి రంగు పట్టీలున్న కెమెరాలను నేను మొదటే పక్కన పెట్టేశాను. రెండో కారణం ఇందులో లిథియం బ్యాటరీకి బదులు, కొద్దిపాటి కరెంటును నిల్వ ఉంచే సూపర్ కెపాసిటర్ ఉండటం. ఎండలో నిలిపిన కారులో, అదీ అద్దానికి ఆనుకుని, పగలంతా కాగే వస్తువులో లిథియం బ్యాటరీ ఉబ్బిపోయే అవకాశం ఎక్కువ. బెంగళూరు ఎండ ఒక లెక్క, మే నెలలో అనంతపురంలో మధ్యాహ్నం చెట్టు నీడ లేకుండా నిలిపిన కారు మరో లెక్క. ఈ వేసవిలో అలాంటి రెండు ప్రయాణాలు చేశాను, కెమెరా ఒక్కసారి కూడా ఆగిపోలేదు, టేపు సడలలేదు. సోనీ వారి స్టార్విస్ 2 సెన్సర్, సెకనుకు 60 ఫ్రేముల 2కె వీడియో వల్ల పగటిపూట ముందు వాహనం నంబరు తేలికగా చదవగలం. రాత్రి ఎదురు లైట్ల కాంతిలో వేగంగా వెళ్లే బైకు నంబరు మాత్రం చాలాసార్లు తెల్లటి మచ్చగానే పడుతుంది.

కొన్న రోజే మార్చవలసిన సెట్టింగులు కొన్ని ఉన్నాయి. తెర ఒక నిమిషం తర్వాత ఆరిపోయేలా పెట్టాను, సూచిక దీపాలన్నీ ఆపేశాను, ప్రారంభంలో వచ్చే శబ్దాన్ని కూడా తీసేశాను. చీకటి సందులో ఎర్రగా వెలిగే ఒక చిన్న చుక్క, ఎంత పొందికగా బిగించిన వైరునైనా వృథా చేసేస్తుంది. చాలామంది గమనించనిది వైఫై పేరు. కెమెరా వైఫై ఆన్‌లో ఉన్నంతసేపూ అది తన మోడల్ పేరునే చుట్టుపక్కల ఫోన్లన్నింటికీ చూపిస్తుంది, దాని పాస్‌వర్డు మొదట్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస అంకెలే. నేను పేరును మా ఇంటి నెట్‌వర్క్ పేరులా మార్చి, పాస్‌వర్డు కొత్తది పెట్టి, అవసరమైనప్పుడే వైఫై ఆన్ చేస్తున్నాను. కారులో కుటుంబ విషయాలు మాట్లాడుకుంటాం కనుక మైకు కూడా ఆపేశాను. కార్డు ఎవరి చేతికైనా చిక్కితే అందులో మన ఇల్లు, పిల్లల బడి, రోజూ బయలుదేరే వేళ అన్నీ ఉంటాయన్న సంగతి మరువరాదు.

నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ గురించి దుకాణాల్లో గొప్పగా చెబుతారు, బ్యాటరీ లెక్క మాత్రం చెప్పరు. కెమెరా మూడు వాట్లు తీసుకుంటుందనుకుంటే, 12 వోల్టుల వద్ద అది పావు ఆంపియర్, 24 గంటలకు ఆరు ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో సాధారణంగా కనిపించే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అది ఒక్కరోజులో ఆరో వంతు. వారమంతా మెట్రోలోనో కంపెనీ బస్సులోనో ఆఫీసుకు వెళ్లి శనివారం మాత్రమే కారు తీసే మనలాంటివారికి ఇది చిన్న విషయం కాదు. హార్డ్‌వైర్ కిట్‌లో వోల్టేజి ఒక స్థాయికి పడిపోగానే కెమెరాను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. కుర్రాడు 12 వోల్టుల దగ్గర పెట్టబోతే 12.4 దగ్గర పెట్టించాను. దానివల్ల తెల్లవారుజామువరకు రికార్డింగ్ ఉండకపోవచ్చు, కానీ శనివారం ఉదయం కారు స్టార్ట్ కాకపోవడం కన్నా అది మేలు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా బ్యాటరీ దిగిపోలేదు.

కార్డు విషయంలో మొదటి కెమెరా నేర్పిన పాఠాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. సెకనుకు 30 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 13.5 గిగాబైట్లు అవుతుంది, అంటే 128 జీబీ కార్డులో తొమ్మిది గంటలకు కొంచెం పైగా పట్టి, ఆ తర్వాత పాతది చెరిగి కొత్తది పడుతుంది. అందువల్ల దారిలో ఏదైనా జరిగితే ఇంటికి వెళ్లాక చూద్దాం అనుకోకుండా, కారు పక్కకు ఆపి ఆ క్లిప్పును వెంటనే ఫోనులోకి దించుకోవాలి. విషయం పోలీసుల దాకా, కోర్టు దాకా వెళ్లేటట్లుంటే కార్డును తీసి వేరుగా భద్రపరచి కొత్త కార్డు వేసుకోవడం మంచిది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం జతపరచాలి, అందులో ఫైలు మారలేదని తేల్చే హాష్ విలువ కూడా రాయాలి. ఎండ్యూరెన్స్ రకం కార్డులే కొనండి, మామూలు ఫోను కార్డులు రాత్రింబవళ్లు చెరిపి రాసే పనికి ఎక్కువ కాలం నిలబడవు. సిమ్ కార్డుతో పనిచేసి, కదలిక కనపడగానే క్లిప్పును ఇంటర్నెట్‌లోకి పంపే కెమెరాలూ ఉన్నాయి. కెమెరా పోయినా దృశ్యం మిగులుతుంది కాబట్టి, ఎప్పుడూ వీధిలోనే కారు నిలిపేవారు అదనపు ఖర్చుకు సిద్ధపడితే అవే తగినవి.

అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించి లోపల ఉన్నది కనపడకుండా చేద్దామని ఒక దుకాణదారుడు సలహా ఇచ్చాడు. 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత నల్ల ఫిల్ములపై ఎంత గట్టి తనిఖీలు జరిగాయో గుర్తున్నవారెవరూ ఆ మాట వినరు. నిబంధనలు తర్వాత మారి, ప్రమాణాలకు తగిన పారదర్శక పొరలకు చోటు దొరికినా, ముందు వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు దాటి తీరాలి. ఆ మాత్రం వెలుతురులో కెమెరా కనపడకుండా పోదు. దానికన్నా పగటిపూట అద్దానికి లోపలివైపు వెండి రంగు షేడ్ వేసుకోవడం నయం. డ్యాష్‌బోర్డు, సీట్లు ముందు నుంచి కనిపించవు, కెమెరా అద్దానికీ షేడుకూ మధ్య ఉండి తన పని చేసుకుంటుంది. అయితే వెండి రంగు ముందు నల్ల కెమెరా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకని నేను నల్ల లోపలిపొరను బయటివైపుకు తిప్పి వేస్తున్నాను. వేడి కొంత పెరుగుతుంది, నాకు పరవాలేదు. "ఈ వాహనంలో కెమెరా ఉంది" అన్న స్టిక్కర్ కూడా నేను అంటించలేదు. అది వెనక వచ్చేవాడిని జాగ్రత్తపరచవచ్చు గానీ, రాత్రి సందులో తిరిగేవాడికి చిరునామా ఇచ్చినట్టే.

బీమా గురించి ఒక్క మాట. కారుతో పాటు రాని ఎలక్ట్రానిక్ సామాను పాలసీలో విడిగా చూపించకపోతే దానికి రక్షణ ఉండదు. ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) కింద ఆ వస్తువు విలువలో ఏటా 4 శాతం అదనపు ప్రీమియంతో చేర్చుకునే వీలు ఉంది, అంటే 12,000 రూపాయల వస్తువుకు 480 రూపాయలు. అయినా పది పన్నెండు వేల కోసం క్లెయిమ్ వేస్తే అప్పటిదాకా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. మూడేళ్లు క్లెయిమ్ లేని నాకు అది 35 శాతానికి చేరింది. అందువల్ల పగిలిన తలుపు అద్దాన్ని కూడా నేను సొంత డబ్బుతోనే మార్పించుకున్నాను. కెమెరా దొంగతనంలో అసలు నష్టం తరచు అద్దానిదే అవుతుంది, అది కూడా దొంగకు లోపల ఏదో ఉందన్న అనుమానం వచ్చినప్పుడే జరుగుతుంది. గ్లోవ్ బాక్స్‌ను ఖాళీ చేసి, రాత్రి కొంచెం తెరిచి వదిలేయడం మా వీధిలో ఇద్దరు ముగ్గురు చేస్తున్నారు, ఇప్పుడు నేనూ చేస్తున్నాను.

దుకాణం మీద ఫిర్యాదులూ ఉన్నాయి. రెండు గంటలన్న పని మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో వేరే కారుకు హారన్ బిగించడానికి అతన్ని రెండుసార్లు పిలుచుకుపోయారు, ఆ సమయంలో నా కారు పిల్లర్ తొడుగు తీసి ఉన్న స్థితిలో అలాగే నిలిచి ఉంది. వన్‌వే రోడ్డు, నిలిపే చోటు తక్కువ, పోలీసు వస్తే కారు కదపాలన్న కంగారు వేరే. బిల్లు అడిగితేనే ఇచ్చారు, అందులోనూ మొదట "ఫిటింగ్" అని ఒక్క ముక్క రాస్తే, ఫ్యూజ్ ట్యాపులు ఏ ఫ్యూజ్‌లకు వేశారో కూడా రాయమని నేను పట్టుబట్టాను. ఆ కాగితం ఇప్పుడు సర్వీసు పుస్తకంలో ఉంది. బిగింపు తర్వాత మొదటి సర్వీసులో డీలరు వర్క్‌షాపు వాళ్లు దాన్ని చూసి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కూలి 1,500 రూపాయలు తీసుకున్నారు, ట్యాపుల ఖర్చు అదనం. సాకెట్ వెనక నుంచి వైరు లాగుతామన్నవాళ్లు 400 అడిగారు. ఆ తేడా ఇవ్వడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను.

కెమెరా మీద నా ఫిర్యాదు ఒకటే. చాటున బిగించడం వల్ల తెర డ్రైవరు సీటు నుంచి కనపడదు, రికార్డింగ్ జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ముందుకు వంగి చూడాలి. దీపాలు, శబ్దాలు ఆపేశాక ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. నెలకొకసారి, అనంతపురం బయలుదేరే ముందు రోజు సాయంత్రం, ఫోను కలిపి చివరి క్లిప్పు తేదీ సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి కార్డు లోపం వల్ల నాలుగు రోజుల వీడియో పడలేదని అలాగే తెలిసింది.

ఇది ఒక్క ముందు కెమెరానే. వెనక నుంచి గుద్దేవారి కోసం రెండో కెమెరా కావాలని ఇంట్లో అంటున్నారు. డిక్కీ తలుపుకు వెళ్లే వైర్లన్నీ ఒక రబ్బరు గొట్టంలోంచి పోతాయి. వెనక కెమెరా వైరు కూడా ఆ గొట్టంలోంచే పోవాలి, బయట బీడింగు మీద వేలాడితే చేసిన పనంతా వ్యర్థం. ఆ గొట్టంలో మరో వైరుకు చోటుందో లేదో చూసి చెబుతానని బాగేపల్లి కుర్రాడు అన్నాడు. వచ్చే నెల అతను ఇప్పుడున్న దుకాణానికి కారు తీసుకువెళుతున్నాను.